సాకాకు చోటు ఎలా దొరికింది

2019 డిసెంబర్‌లో లండన్ ఫుట్‌బాల్ క్లబ్ ఆర్సెనల్‌కు లెఫ్ట్ బ్యాక్‌లు, అంటే ఎడమ పక్క కాసే డిఫెండర్లు, కరువయ్యారు. ఆ వేసవిలోనే కొన్న కీరన్ టియర్నీకి వెస్ట్‌హామ్ మ్యాచ్‌లో భుజం జారింది. సెయాద్ కొలాసినాచ్‌ను కూడా గాయాలు వదల్లేదు. క్లబ్ పరిస్థితి ఏమంత బాగాలేదు. నవంబర్ చివర్లో మేనేజర్ ఉనాయ్ ఎమెరీని పంపించేశారు, పాత ఆటగాడు ఫ్రెడ్డీ యుంగ్‌బెర్గ్ తాత్కాలికంగా జట్టును చూసుకుంటున్నాడు. డిసెంబర్ 12న యూరప్ క్లబ్‌ల పోటీ యూరోపా లీగ్‌లో స్టాండర్డ్ లియేజ్‌తో మ్యాచ్‌కి బెల్జియం వెళ్లినప్పుడు లెఫ్ట్ బ్యాక్ స్థానంలో యుంగ్‌బెర్గ్ పక్క గీత వెంట దాడి చేసే ఓ 18 ఏళ్ల వింగర్‌ను దింపాడు. ఆర్సెనల్ రెండు గోల్స్ వెనకబడిపోయాక, 78వ నిమిషంలో ఆ కుర్రాడు అందించిన బంతిని సహచరుడు లకాజెట్ గోల్ చేశాడు. మరో మూడు నిమిషాలకు ఆ కుర్రాడే రెండో గోల్ కొట్టి స్కోరు 2-2 చేశాడు.

అతనే బుకాయో సాకా. ఆ తర్వాత ఇంగ్లండ్ జట్టులో స్థిరపడి, పెద్ద టోర్నమెంట్లలో గోల్స్ కొట్టి, ఆర్సెనల్‌కు ముఖచిత్రంలా మారిన ఆటగాడు. ఇలాంటి ఎదుగుదల గురించి రాసేటప్పుడు ప్రతిభ, పట్టుదల అనే రెండు మాటలతో సరిపెట్టేయడం మామూలే. సాకాకు ఆ రెండూ దండిగా ఉన్నాయి. కానీ అతనితో పాటు అదే అకాడమీలో పెరిగిన వాళ్లలో చాలామందికీ అవి ఉన్నాయి. వాళ్ల దారి వేరైంది. ఆ తేడా అర్థం కావాలంటే కుర్రాడి కాళ్లతో పాటు అతను చేరాల్సిన జట్టును కూడా చూడాలి. అందులో ఎప్పుడు ఎక్కడ ఖాళీ ఏర్పడింది, ఆ ఖాళీలో నిలబడే తయారీ ఎవరికి ఉంది అన్నది చూడాలి.

సాకా 2001 సెప్టెంబర్ 5న లండన్‌లోని ఈలింగ్‌లో పుట్టాడు. అమ్మానాన్నలు నైజీరియా నుంచి వలస వచ్చినవాళ్లు. పెరిగింది, చదివింది పశ్చిమ లండన్‌లోని గ్రీన్‌ఫర్డ్‌లో. ఆర్సెనల్ పిల్లల అకాడమీ హేల్ ఎండ్ ఉన్నది నగరానికి ఈశాన్య దిక్కున, వాల్తమ్‌స్టో దగ్గర. బడి అయ్యాక సాయంత్రం ట్రాఫిక్‌లో ఈ చివర నుంచి ఆ చివరకు వెళ్లి, శిక్షణ ముగించుకుని, రాత్రికి ఇల్లు చేరాలి. ఏడెనిమిదేళ్ల వయసు నుంచి ఇదే వరస. ఇంగ్లండ్ అకాడమీల కథల్లో స్టీరింగ్ ముందు కూర్చున్న అమ్మ, నాన్నల పేర్లు ఎక్కడా కనిపించవు కానీ, వాళ్లు లేకపోతే ఈ వ్యవస్థ వారం రోజులు కూడా నడవదు.

పుట్టిన తేదీని కూడా ఒక్కసారి గమనించాలి. ఇంగ్లండ్‌లో బడి తరగతులకైనా, ఫుట్‌బాల్ వయసు గ్రూపులకైనా లెక్క సెప్టెంబర్ 1 నుంచి మొదలవుతుంది. సెప్టెంబర్ 5న పుట్టిన సాకా తన గ్రూపులో అందరికంటే పెద్ద పిల్లల్లో ఒకడు. ఆరు రోజులు ముందు పుట్టి ఉంటే పై గ్రూపులో అందరికంటే చిన్నవాడయ్యేవాడు. తొమ్మిదేళ్ల వయసులో పదకొండు నెలల తేడా అంటే చాలా తేడా. ఎత్తు, బలం, పరుగు అన్నిట్లోనూ అది కనిపిస్తుంది. ఆటగాళ్లను వెతుక్కుంటూ చూడ్డానికి వచ్చిన స్కౌట్ ముందుగా పెద్ద పిల్లవాడి మీదే కన్నేస్తాడు. ఇంగ్లండ్ అకాడమీల్లో సెప్టెంబర్, అక్టోబర్, నవంబర్‌లలో పుట్టిన పిల్లలు మిగతావాళ్ల కంటే బాగా ఎక్కువగా ఉంటారని ఎన్నో ఏళ్లుగా తెలిసిన సంగతే. జులైలో పుట్టిన హ్యారీ కేన్‌ను ఎనిమిదేళ్ల వయసులో ఇదే ఆర్సెనల్ వద్దనుకుని పంపేసింది. తర్వాత అతను ఇంగ్లండ్ తరఫున అత్యధిక గోల్స్ కొట్టిన ఆటగాడయ్యాడు. ఈ పొరపాట్లు తగ్గించడానికి ఇప్పుడు పుట్టిన తేదీని పక్కనపెట్టి, శరీరం ఎంత ఎదిగిందన్న లెక్కతో పిల్లలను కలిపి ఆడించే పద్ధతిని కూడా కొన్ని క్లబ్‌లు వాడుతున్నాయి.

మన క్రికెట్‌లో జిల్లా జట్టు, రాష్ట్ర జట్టు అంటూ సంఘాల మెట్లు ఎక్కాలి. ఇంగ్లండ్ ఫుట్‌బాల్‌లో మెట్లన్నీ క్లబ్ లోపలే ఉంటాయి. 2012లో అక్కడి అగ్రశ్రేణి లీగ్ అయిన ప్రీమియర్ లీగ్, ఎలీట్ ప్లేయర్ పెర్ఫార్మెన్స్ ప్లాన్ తెచ్చి అకాడమీలను నాలుగు కేటగిరీలుగా విడగొట్టింది. పైది కేటగిరీ వన్. దానికి పూర్తికాలపు కోచ్‌లు, వైద్య సిబ్బంది, చదువు చూసే సిబ్బంది, ఇండోర్ మైదానం అన్నీ ఉండాలి. పిల్లవాడిని అండర్-9 నుంచి అధికారికంగా రిజిస్టర్ చేసుకోవచ్చు. అక్కడి నుంచి ఏడాదికో రెండేళ్లకో ఒకసారి, ఉంచుకోవాలా పంపేయాలా అని నిర్ణయిస్తారు. అదే ప్లాన్‌తో ఒక క్లబ్ పిల్లవాడిని ఇంకో క్లబ్ తీసుకుంటే ఎంత పరిహారం ఇవ్వాలో కూడా ముందే రేటు కట్టేశారు. చిన్న క్లబ్‌లకు ఇది అన్యాయమే. పదేళ్లు పెంచిన పిల్లవాడిని పెద్ద క్లబ్ వచ్చి, బజారు ధర కంటే బాగా తక్కువకు తీసుకెళ్లిపోవచ్చు.

పంపేయడం అన్నది ఈ వ్యవస్థలో రోజువారీ పని. తొమ్మిదేళ్లకు చేరిన వాళ్లలో మొదటి జట్టు దాకా వచ్చేది వేళ్ల మీద లెక్కపెట్టగలిగినంత మందే. పద్నాలుగేళ్లకు చెల్సీ వద్దన్న డెక్లన్ రైస్ వెస్ట్‌హామ్‌లో చేరి కెప్టెన్ అయ్యాడు, 2023లో ఆర్సెనల్ అతని కోసం 10 కోట్ల పౌండ్లకు పైగా ఇచ్చింది. అలా తిరిగి లేచినవాళ్ల కథలు పదేపదే చెప్పుకుంటారు. వెళ్లిపోయిన మిగతావాళ్ల సంగతి ఎవరికీ పట్టదు. పదహారేళ్లకు, ఎనిమిదేళ్ల అలవాటు ఒక్క సమావేశంతో తెగిపోతుంది. ఈ మధ్య క్రిస్టల్ ప్యాలెస్ లాంటి క్లబ్ పంపేసిన కుర్రాళ్లను మూడేళ్ల పాటు వెన్నంటి ఉండి చూసుకునే పథకం పెట్టింది. ఇది ప్రతి అకాడమీలోనూ తప్పనిసరి కావాలి. పిల్లలను తొమ్మిదేళ్లకే తీసుకునే హక్కు కావాలనుకునే క్లబ్‌లు ఆ తర్వాతి బాధ్యతను కూడా మోయాల్సిందే.

పదహారేళ్లకు నిలిచినవాళ్లకు రెండేళ్ల స్కాలర్‌షిప్ ఇస్తారు. ఆటతో పాటు చదువు కూడా సాగాలి. సాకా గ్రీన్‌ఫర్డ్ హైస్కూల్‌లో పదహారేళ్ల పరీక్షలు మంచి గ్రేడ్లతో పాసయ్యాడు. 17 ఏళ్లు నిండగానే, 2018 సెప్టెంబర్‌లో ప్రొఫెషనల్ కాంట్రాక్టు మీద సంతకం పెట్టాడు. నవంబర్ 29న వోర్స్క్లా పోల్టావాతో యూరోపా లీగ్ మ్యాచ్‌లో ఆరన్ రామ్‌సే బదులు మైదానంలోకి వచ్చాడు. ఉక్రెయిన్‌లో సైనిక శాసనం విధించడంతో ఆ మ్యాచ్‌ను పోల్టావా నుంచి కీవ్‌కు మార్చారు. 2019 జనవరి 1న ఫుల్‌హామ్ మీద లీగ్ మ్యాచ్ ఆడి, 2001లో పుట్టి ప్రీమియర్ లీగ్‌లో ఆడిన మొదటి ఆటగాడయ్యాడు.

అయినా ఇలాంటి ఆరంభాలు అకాడమీ కుర్రాళ్లకు చాలామందికే దొరుకుతాయి. యూరోపా లీగ్ గ్రూప్ మ్యాచ్‌లో ఇరవై నిమిషాలు, కప్ మ్యాచ్‌లో ఒక అవకాశం, తర్వాత ఏదో క్లబ్‌కు లోన్ (తాత్కాలికంగా ఆడటానికి పంపడం), ఇరవై మూడేళ్లకు అమ్మకం. సాకా ఆ దారి పట్టకపోవడానికి రెండు ఖాళీలు కారణం. మొదటిది 2019 ఆగస్టులో వచ్చింది. బదిలీల గడువు చివరి రోజున ఆర్సెనల్ అలెక్స్ ఇవోబీని ఎవర్టన్‌కు అమ్మేసింది. ఇవోబీ కూడా హేల్ ఎండ్ కుర్రాడే, ఎడమ వింగ్‌లో ఆడేవాడు. అతని జాగాలో మరో ఎడమ వింగర్‌ను కొనలేదు. నెల తిరిగేసరికి, సెప్టెంబర్ 19న, ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఎమెరీ సాకాను ఎడమ వింగ్‌లో మొదటి నుంచీ ఆడించాడు. ఆ రాత్రి ఆర్సెనల్ 3-0తో గెలిచింది. విలక్ కొట్టిన మొదటి గోల్‌కు, ఒబామెయాంగ్ కొట్టిన మూడో గోల్‌కు బంతి అందించింది సాకా. మధ్యలో 85వ నిమిషంలో పెనాల్టీ బాక్స్ అంచు నుంచి ఎడమ కాలితో తిప్పి కొట్టిన గోల్ అతనిదే. సీనియర్ ఫుట్‌బాల్‌లో అదే అతని మొదటి గోల్.

రెండో ఖాళీ డిసెంబర్‌లోని ఆ లెఫ్ట్ బ్యాక్ స్థానం. లియేజ్ మ్యాచ్ తర్వాత వారం తిరిగేసరికి మికెల్ ఆర్టెటా మేనేజర్‌గా వచ్చాడు. టియర్నీ ఇంకా కోలుకోలేదు. ఆర్టెటా కూడా సాకాను అక్కడే ఉంచాడు. వింగర్‌ను డిఫెన్స్‌లో ఆడించడమంటే కష్టమైన పనే. బంతి మన దగ్గరున్నప్పుడు పరవాలేదు. అది పోయిన క్షణంలో అరవై గజాలు వెనక్కి పరిగెత్తాలి, మధ్యలో ఉండే డిఫెండర్ సెంటర్ బ్యాక్‌తో వరస కలపాలి, రెండో పోస్ట్ దగ్గర వెనక నుంచి వచ్చేవాణ్ని చూసుకోవాలి. ఇవేవీ రాని కుర్రాణ్ని అవతలి జట్టు పది నిమిషాల్లో పసిగట్టేస్తుంది. సాకాకు ఇబ్బంది పడ్డ రోజులు లేకపోలేదు. కానీ నిలబడ్డాడు. అకాడమీలో కోచ్‌లు అతన్ని రకరకాల స్థానాల్లో ఆడించారు. పిల్లల మ్యాచ్‌లు గెలవడం కంటే ఆట మొత్తం అర్థం కావడం ముఖ్యమన్నది అక్కడి పద్ధతి. దాని ఫలితం ఇక్కడ అక్కరకొచ్చింది.

2020 ఫిబ్రవరి 16న న్యూకాజిల్‌తో మ్యాచ్‌లో ఒక దృశ్యం ఉంది. రెండో సగం, స్కోరు 1-0. ఎడమ పక్క గీత దగ్గర సాకా కాళ్ల దగ్గర బంతి. ఎదురుగా న్యూకాజిల్ ఆటగాడు వాలెంటీనో లాజారో. సాకా ఒక్క క్షణం ఆగాడు, లాజారో కాలు కదిపాడు, ఆ రెండు కాళ్ల మధ్య నుంచి బంతి జారింది. చుట్టు తిరిగి బంతిని అందుకుని బాక్స్‌లోకి వెళ్లి నేల మీదుగా వెనక్కి పాస్ ఇస్తే సహచరుడు పెపే గోల్ చేశాడు. ఆ మ్యాచ్ 4-0తో ముగిసింది. పేరుకి లెఫ్ట్ బ్యాక్, చేసింది మాత్రం వింగర్ పని. నాలుగు రోజుల తర్వాత గ్రీస్‌లో ఒలింపియాకోస్ మీద లకాజెట్ కొట్టిన ఒకే ఒక్క గోల్‌కు కూడా బంతి సాకా నుంచే వెళ్లింది. కాంట్రాక్టు ఇంకో ఏడాదిలో ముగిసిపోయే కుర్రాడి కోసం క్లబ్ కంగారు పడాల్సిన దశ అది. 2020 జులై 1న కొత్త దీర్ఘకాలిక కాంట్రాక్టు కుదిరింది. మూడు రోజులకు వూల్వ్స్ మీద ప్రీమియర్ లీగ్‌లో మొదటి గోల్ కొట్టాడు. కొత్త సీజన్‌కి ఏడో నంబర్ జెర్సీ ఇచ్చారు.

అయితే ఖాళీ చోటు దొరకడం దగ్గరే కథ ఆగిపోతే సాకా మంచి అత్యవసర లెఫ్ట్ బ్యాక్‌గా మిగిలిపోయేవాడు. టియర్నీ తిరిగొచ్చాడు. సాకాకు నిజంగా నప్పే చోటు కుడి వింగ్. అది ఖాళీగా లేదు. 2019లో క్లబ్ రికార్డు ధర, 7.2 కోట్ల పౌండ్లు పోసి కొన్న నికొలా పెపే అక్కడున్నాడు. అంత డబ్బు పెట్టిన ఆటగాణ్ని పక్కన కూర్చోబెట్టాలంటే మేనేజర్‌కు గట్టి కారణం కావాలి. ఆ కారణం 2020 డిసెంబర్ 26న దొరికింది. ఆర్సెనల్ అప్పటికి లీగ్‌లో వరుసగా ఏడు మ్యాచ్‌లు గెలవలేదు, పట్టికలో పదిహేనో స్థానం. చెల్సీ మీద ఆర్టెటా కుర్రాళ్లను దింపాడు. ఎడమ వైపు మార్టినెల్లి, మధ్యలో ఎమిల్ స్మిత్ రో, కుడి వైపు సాకా. 3-1తో గెలిచారు, మూడో గోల్ సాకాది. ఆ తర్వాత కుడి వింగ్ క్రమంగా అతని సొంతమైంది. పెపే 2022లో లోన్ మీద ఫ్రాన్స్ వెళ్లాడు, 2023లో క్లబ్ కాంట్రాక్టునే రద్దు చేసుకుంది.

కుడి వింగ్‌లో ఎడమ కాలి ఆటగాడు ఉంటే డిఫెండర్‌కు టెన్షన్ ఎక్కువ. లోపలికి వస్తే షాట్ కొట్టొచ్చు, బయటికి వెళ్తే క్రాస్ వేయొచ్చు. సాకా రెండూ చేస్తాడు, పైగా ఏది చేస్తాడో చివరి అడుగు దాకా తెలియనివ్వడు. లెఫ్ట్ బ్యాక్‌గా గడిపిన ఆ నెలలు ఇక్కడ కలిసొచ్చాయనే అనిపిస్తుంది. ఫుల్‌బ్యాక్ (పక్కన ఆడే డిఫెండర్) ఎప్పుడు బరువు మార్చుకుంటాడో, ఎప్పుడు వెనక్కి చూసుకుంటాడో స్వయంగా ఆ చోట నిలబడినవాడికి బాగా తెలుస్తుంది. 2022-23 సీజన్‌లో లీగ్‌లో 14 గోల్స్ కొట్టి, తోటి ఆటగాళ్ల ఓట్లతో ఆ ఏటి ఉత్తమ యువ ఆటగాడయ్యాడు. మరుసటి సీజన్‌లో లీగ్ గోల్స్ 16కు పెరిగాయి.

సాకాతో పాటు ఆ చెల్సీ మ్యాచ్ ఆడిన స్మిత్ రో సంగతి కూడా చూడాలి. ఏడాది పెద్ద. హేల్ ఎండ్‌లోనే పెరిగాడు. 2021-22లో లీగ్‌లో 10 గోల్స్ కొట్టాడు, పదో నంబర్ జెర్సీ వేసుకున్నాడు. అభిమానులు ఇద్దరి పేర్లూ కలిపి పాట కట్టి పాడేవాళ్లు. తర్వాత గాయాలు పట్టుకున్నాయి. అతను కోలుకునేలోపు మధ్యలో మార్టిన్ ఓడెగార్డ్ పాతుకుపోయాడు. 2024 ఆగస్టులో స్మిత్ రో ఫుల్‌హామ్‌కు వెళ్లాడు. అదే నెలలో ఎడ్డీ ఎన్‌కెటియా క్రిస్టల్ ప్యాలెస్‌కు. అంతకుముందు విలక్ న్యూకాజిల్‌కు, ఫొలారిన్ బాలోగన్ మొనాకోకు. అందరూ హేల్ ఎండ్ వాళ్లే.

దీని వెనక లెక్కల పుస్తకం ఉంది. ఒక క్లబ్ 5 కోట్ల పౌండ్లకు ఆటగాణ్ని కొని ఐదేళ్ల కాంట్రాక్టు ఇస్తే, ఆ ధరను ఏటా కోటి చొప్పున ఖర్చుగా రాసుకుంటుంది. మధ్యలో అమ్మితే ఇంకా రాయని మొత్తం పోగా మిగిలిందే లాభం. అకాడమీ కుర్రాడికి కొన్న ధరంటూ లేదు కాబట్టి అమ్మిన సొమ్మంతా లాభంగానే చూపిస్తారు. 2013లో ప్రీమియర్ లీగ్ తెచ్చిన నిబంధనల ప్రకారం క్లబ్‌లు 2025-26 సీజన్ దాకా మూడేళ్లలో గరిష్ఠంగా 10.5 కోట్ల పౌండ్ల వరకే నష్టం చూపగలిగేవి, అకాడమీ మీద పెట్టే ఖర్చును మాత్రం ఆ లెక్కలోంచి మినహాయించారు. అంటే కుర్రాళ్లను పెంచడానికి ప్రోత్సాహం, పెంచాక అమ్మడానికి ఇంకా పెద్ద ప్రోత్సాహం. పదేళ్ల వయసు నుంచి క్లబ్ బ్యాడ్జి వేసుకున్న కుర్రాడే, అమ్మడానికి అందరికంటే అనువైనవాడు అయిపోతున్నాడు. అభిమానుల బాధ న్యాయమైనదే. ఇదే సమయంలో బ్రెగ్జిట్ తర్వాత, 2021 నుంచి, 18 ఏళ్లలోపు విదేశీ ఆటగాళ్లను ఇంగ్లిష్ క్లబ్‌లు తీసుకోలేకపోతున్నాయి. దాంతో ఇంగ్లండ్ కుర్రాళ్ల విలువ పెరిగింది, పదమూడు, పద్నాలుగేళ్ల పిల్లల కోసం పెద్ద క్లబ్‌ల మధ్య పోటీ ముదిరింది.

2021 జులై 11 గురించి చెప్పకుండా సాకా కథ పూర్తికాదు. వెంబ్లీలో ఇటలీతో, యూరప్ దేశాల కప్ అయిన యూరో ఫైనల్, 1-1, పెనాల్టీ షూటౌట్. మార్కస్ రాష్‌ఫర్డ్, జేడన్ సాంచో విఫలమయ్యారు. చివరి పెనాల్టీ కొట్టాల్సింది 19 ఏళ్ల సాకా. సీనియర్ మ్యాచ్‌లో అతను అప్పటిదాకా పెనాల్టీ కొట్టనేలేదు. ఇటలీ గోల్‌కీపర్ డొన్నరుమ్మా ఆపేశాడు, ఇటలీ 3-2తో గెలిచింది. ఆ నిర్ణయం తనదేనని, బాధ్యత తనదేనని కోచ్ గారెత్ సౌత్‌గేట్ చెప్పాడు. అయినా ఆ రాత్రి నుంచే ముగ్గురు నల్లజాతి ఆటగాళ్ల మీదా సోషల్ మీడియాలో జాతి దూషణలు కుమ్మరించారు. పోలీసులు అరెస్టులు చేయాల్సి వచ్చింది. ఇలాంటివి వస్తాయని తనకు వెంటనే అర్థమైందని, ఆ సోషల్ మీడియా కంపెనీలు దీన్ని ఆపడానికి చేయాల్సినంత చేయడం లేదని సాకా తన ప్రకటనలో రాశాడు. ఒక పందొమ్మిదేళ్ల కుర్రాడు గోల్ తప్పినందుకు బాధపడాల్సిన రాత్రి, తనను దేశం ఎలా చూస్తుందో అని ఆలోచించాల్సి రావడం ఆ దేశానికే సిగ్గుచేటు.

మరోవైపు, అభిమానులు పంపిన ఉత్తరాలతో ఆర్సెనల్ శిక్షణ కేంద్రంలో ఒక గోడంతా నింపి అతనికి చూపించారు. ఆగస్టులో సన్నాహక మ్యాచ్ కోసం టాటెన్‌హామ్ మైదానంలోకి వెళ్తే, బద్ధ శత్రువులైన అభిమానులే లేచి చప్పట్లు కొట్టారు. ఉత్తర లండన్ సాకా వెంట ఉందని బ్యానర్ పట్టుకున్నారు. 2022 ఏప్రిల్‌లో చెల్సీ మీద, మూడు రోజులకే మాంచెస్టర్ యునైటెడ్ మీద పెనాల్టీలు కొట్టాడు. 2024 జులై 6న డ్యూసెల్‌డార్ఫ్‌లో స్విట్జర్లాండ్‌తో యూరో క్వార్టర్ ఫైనల్‌లో 80వ నిమిషంలో స్కోరు సమం చేసిందీ, షూటౌట్‌లో మూడో పెనాల్టీ కొట్టిందీ అతనే. అంతకు ముందు స్లొవేకియా మ్యాచ్ మధ్యలో సౌత్‌గేట్ అతన్ని మళ్లీ లెఫ్ట్ బ్యాక్‌కు మార్చాడు కూడా.

ఇంత నమ్మకమైన ఆటగాడు కావడానికి చెల్లించిన మూల్యం ఒకటుంది, అది శరీరం. 2021 నుంచి 2023 దాకా సాకా వరుసగా 87 ప్రీమియర్ లీగ్ మ్యాచ్‌లు ఆడాడు, ఆర్సెనల్‌లో అది రికార్డు. దాన్ని ఆపింది 2023 శరత్కాలంలో హ్యామ్‌స్ట్రింగ్ (తొడ వెనక కండరం) సమస్య. 2024 డిసెంబర్‌లో క్రిస్టల్ ప్యాలెస్ మ్యాచ్‌లో హ్యామ్‌స్ట్రింగ్ తీవ్రంగా దెబ్బతిని ఆపరేషన్ చేయించుకోవాల్సి వచ్చింది. ఇంగ్లండ్‌కు ఇది తెలియని కథ కాదు. పదిహేడేళ్లకే లివర్‌పూల్‌కు ఆడడం మొదలుపెట్టిన మైకేల్ ఓవెన్‌కు 1999 ఏప్రిల్‌లో, పందొమ్మిదేళ్లకు, హ్యామ్‌స్ట్రింగ్ తెగింది. ఆ తర్వాత అతని పరుగు ముందున్నంత చురుగ్గా లేదు. పాతికేళ్ల తర్వాత వైద్యం, కొలతలు, డేటా అన్నీ మారాయి. మ్యాచ్‌ల సంఖ్య మాత్రం పెరిగింది. మంచి కుర్రాడు దొరికితే విశ్రాంతి ఇవ్వడానికి మేనేజర్‌కు మనసొప్పదు. ఆర్టెటా ఈ విషయంలో జాగ్రత్త చాలక తప్పు చేశాడనే చెప్పాలి. సాకాకు సరైన ప్రత్యామ్నాయం లేకుండానే ఆర్సెనల్ సీజన్ల తరబడి నెట్టుకొచ్చింది.

సాకా 2025 ఏప్రిల్ 1న తిరిగొచ్చి, మైదానంలోకి దిగిన కొద్ది నిమిషాలకే ఫుల్‌హామ్ మీద గోల్ కొట్టాడు. అతను లేని ఆ మూడు నెలల్లో కుడి వింగ్‌లో ఎక్కువగా ఆడింది ఈథన్ న్వానెరి. ఇతనిదీ హేల్ ఎండే. 2022లో 15 ఏళ్ల 181 రోజుల వయసులో ప్రీమియర్ లీగ్‌లో ఆడి రికార్డు సృష్టించినా, ఆ తర్వాత రెండేళ్లు పెద్దగా అవకాశాలు రాలేదు. అతను స్వతహాగా మిడ్‌ఫీల్డర్. ఖాళీ మాత్రం వింగ్‌లో వచ్చింది, అక్కడే ఆడాడు. జిరోనా మీద, మాంచెస్టర్ సిటీ మీద, పీఎస్‌వీ మీద గోల్స్ కొట్టాడు. సాకా వచ్చాక మళ్లీ బెంచ్ మీదకు వెళ్లాడు. ఆ వేసవిలో క్లబ్ చెల్సీ నుంచి నోని మాడ్యుకేను కొంది, అతను ఆడేది కూడా కుడి వింగ్‌లోనే. మధ్యలో ఓడెగార్డ్ కెప్టెన్‌గా ఉన్నాడు, అదే వేసవిలో ఎబెరెచి ఎజే కూడా వచ్చి చేరాడు. 18 ఏళ్ల న్వానెరి ఆగస్టులో ఆర్సెనల్‌తో కొత్త కాంట్రాక్టు మీద సంతకం పెట్టాడు.